విఠల్ సేఠ్ రాసిన నా వ్యాసం

మనిషి పరువు పోవడానికి మామూలుగా కొంత సమయం పడుతుంది. ముందు ఒకరికి తెలియాలి, వాళ్లు ఇంకొకరి చెవిలో వేయాలి, ఆ ఇంకొకరు చాయ్ హోటల్‌లో నలుగురికి పంచాలి. నా విషయంలో అంత ఆలస్యం జరగలేదు. శనివారం మధ్యాహ్నం, ఒక్క బొటనవేలు, ఒక్క క్షణం. అంతే. ఆ క్షణం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా నేను పడిన యాతన ఇప్పుడు చెప్పబోతున్నాను. మొహమాటపడకుండా నవ్వండి. అప్పుడు నవ్వే అవకాశం నాకు దొరకలేదు, మీకైనా దొరకనివ్వండి.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. పేరు రాజేందర్. మాదన్నపేటలో అమ్మా బాపులతో ఉండేవాణ్ని. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో విద్యార్థుల పేర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా ఉద్యోగం. అసలు వృత్తి మాత్రం లోకాన్ని ఉద్ధరించడం. అందుకోసం ‘ఉలుకెక్కువ’ అని ఒక బ్లాగు పెట్టాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా. ఉన్నమాట నా దగ్గరుంది, ఉలుకు చదివేవాళ్ల దగ్గరుంటుంది అని నా ధీమా. నా పేరు మాత్రం ఎక్కడా పెట్టలేదు. ధైర్యం వేరు, తెలివి వేరు.

ఆ బ్లాగులో నాయకుల్ని ఏకేవాణ్ని. నాయకుల వెనక జెండాలు మోసేవాళ్లను చీల్చి చెండాడేవాణ్ని. ‘ఇంట్లో కూర్చుని లక్షలు సంపాదించండి’ అంటూ వీడియోలు చేసేవాళ్లనైతే ఉతికి ఆరేసేవాణ్ని. అలా ఆరేసిన ప్రతి వ్యాసం కిందా రెండు ప్రకటనలు పెట్టి, వాటిని ఎవరైనా నొక్కితే నాకు కూడా ఇంట్లో కూర్చుని డబ్బులొస్తాయని ఎదురుచూసేవాణ్ని. ఇందులో ఏదో తేడా ఉందని మీకు వెంటనే తోచే ఉంటుంది. నాకు తోచలేదు. తోస్తే బ్లాగెందుకు పెడతాను?

ఎంతమంది చదువుతున్నారో చూపించే పేజీలో రోజూ ఒక గీత కొంచెం పైకి లేచేది. దాన్ని చూసి మురిసిపోయేవాణ్ని. ఆ గీత నేనే. ఇంట్లో ఫోన్‌లో ఒకసారి, ఆఫీసు కంప్యూటర్‌లో రెండుసార్లు నా వ్యాసాన్ని నేనే చదువుకునేవాణ్ని.

ఇక్కడ విఠల్ సేఠ్ గురించి చెప్పాలి. మాదన్నపేట మార్కెట్ వెనక ఆయనకు పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉంది. తాతల నాటి దుకాణం. మార్కెట్ వర్తక సంఘానికి ఆయనే అధ్యక్షుడు. మా బాపు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక కూలర్లు విప్పి మళ్లీ బిగిస్తూ అమ్మ ప్రాణం తీస్తుంటే, “రామయ్యా, నా గోదాంల కూసో, సరుకు సూస్కో” అని పని ఇచ్చింది సేఠే. అమ్మకు ఆపరేషన్ జరిగినప్పుడు ఆస్పత్రి వరండాలో మూడు రోజులు మా పక్కన కూర్చుందీ ఆయనే.

అంతటి మనిషి మీద నేను వ్యాసం రాశాను.

ఎందుకు రాశానంటే, ఏం చెప్పను? ఆయనలో సరుకుంది. పొద్దున లేవగానే పేటలో అందరికీ సూర్యోదయం బొమ్మతో సూక్తులు పంపేవాడు. ఎన్నికకో రంగు కండువా వేసేవాడు. ఈ మధ్య, వీడియోలు చూస్తే డబ్బులిచ్చే యాప్ ఒకటి దొరికిందని, కందిపప్పు కొనడానికొచ్చిన ప్రతివాడికీ “నా కోడ్ కొట్టి ఎక్కించుకో” అని చెప్పేవాడు. ఇంత సరుకు కళ్లముందుంటే వెక్కిరించకుండా ఉండటానికి నేను సన్యాసినా? ‘మా పేటలో ఒక పెద్దమనిషి’ అని పేరు పెట్టి, ఎవరి పేరూ రాయకుండా, ఒక పేజీ దంచాను.

సంఘం వాట్సాప్ కూడా నా ఫోన్‌లోనే ఉండేది. “కంప్యూటర్ సదివినోడివి, సంఘం మెసేజ్‌లు నువ్వే సూస్కో” అని సేఠే అప్పజెప్పాడు. అలా ఒకే ఫోన్‌లో రెండు వాట్సాప్‌లు. ఒకటి నాది, ఇంకొకటి సంఘానిది. రెండూ పచ్చగానే ఉంటాయి. రెండోదాని మూలన చిన్న గుర్తు ఉంటుంది, ఆవగింజలో పావు వంతు. సంఘం వాట్సాప్‌కు పెట్టిన ఫొటోలో విఠల్ సేఠ్ రెండు చేతులూ జోడించి చిరునవ్వు నవ్వుతుంటాడు.

శనివారం మధ్యాహ్నం దబీర్‌పురాలో నా దోస్త్ ఇర్ఫాన్ దుకాణంలో కూర్చున్నాను. వాడు మొబైళ్లు బాగు చేస్తాడు. ‘ఉలుకెక్కువ’ రాసేది నేనేనని లోకంలో వాడొక్కడికే తెలుసు. వ్యాసం మొత్తం కాపీ చేసి, నా అభిమానుల గ్రూపులో పెట్టాను. అందులో అప్పటికి పదకొండు మంది. పెట్టి, గొప్ప రచయితలా కుర్చీలో వెనక్కి వాలాను.

ఫోన్ వెంటనే మోగింది. ఒక నవ్వే బొమ్మ. ఇంకొకటి. ఆ తరవాత వరసగా నాలుగు. నా అభిమానులు ఇంత చురుకైనవాళ్లు కారే అని చూశాను. ‘సూపర్ సేఠ్ జీ’ అని ఉంది.

నా అభిమానుల్లో నన్ను సేఠ్ జీ అని పిలిచేవాడెవడు? పైకి చూశాను. చేతులు జోడించి చిరునవ్వు నవ్వుతున్న ఫొటో. వర్తక సంఘం గ్రూపు. మార్కెట్‌లో ఉల్లిగడ్డలు అమ్మే ఆయన దగ్గర్నుంచి బంగారం అమ్మే ఆయన దాకా అందరూ ఉన్న గ్రూపు. అందులో మా బాపు కూడా ఉన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. వేలు జారితే సంగతేమిటో వాళ్లు చెప్పలేదు. వాళ్ల కాలంలో వేలికి అంత పనిలేదు.

“ఇర్ఫాన్!” అని అరిచాను.

“క్యా హువా మియా? మొఖం గట్ల తెల్లగైందేంది?”

“డిలీట్... డిలీట్ ఎట్ల చేస్తరు?”

“దానిమీద నొక్కి పట్టు. డిలీట్ అని వస్తది.”

నొక్కి పట్టాను. ఏవో రెండు వరసలు కనిపించాయి. పైదో కిందిదో చూడకుండా ఒకటి పొడిచాను. వ్యాసం మాయమైంది. అబ్బ! గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

ఇర్ఫాన్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, నా ఫోన్‌లోకి తొంగి చూశాడు. “ఏది నొక్కినవ్? అందర్కి డిలీట్ అనేదా? డిలీట్ ఫర్ మీ అనేదా?”

“మీ అంటే... మీకు అనా?”

“అరే యార్! మీ అంటే నాకు! ఇంగ్లీషుల బ్లాగులు చదువుతవ్, మీ అంటే ఎర్క లేదా? నీ ఒక్కనికి పోయింది. బాకీ సబ్‌కే పాస్ హై. అందరి దగ్గర ఉంది.”

అదీ సంగతి. వ్యాసం ఇప్పుడు లోకంలో అందరికీ కనిపిస్తుంది, నాకు తప్ప. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటారు. నేను కళ్లు మూసుకుని గిన్నె బోర్లించాను.

“ఇప్పుడేం చెయ్యాలె భాయ్?”

ఇర్ఫాన్ కాసేపు గంభీరంగా ఆలోచించాడు. “జల్‌పల్లిల మా మామ కొత్త ఇల్లు కట్టిండు. పైన కమ్రా ఖాళీగ ఉంది. ఓ ఆర్నెల్లు ఉంటవా?”

వాడు ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం నిజంగానే ఆ కమ్రాకు కిటికీ ఉందా అని అడిగాను.

అప్పుడే ఫోన్ మోగింది. సేఠ్.

“రాజూ, ఏడున్నవ్? దుకాణంకు రా. జల్దీ.”

గొంతులో కోపం ఉందా లేదా అని ఆ ఐదు మాటల్నీ దారి పొడుగునా చిలికాను. ‘జల్దీ’ అన్నప్పుడు కొంచెం గట్టిగా అన్నాడా? ‘రాజూ’ అన్నప్పుడు మెత్తగా అన్నాడా? మెత్తగా అన్నాడంటే మరీ ప్రమాదం. ఆటోలో కూర్చుని, బాపు గోదాంలోంచి తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడుస్తున్నట్టు, మళ్లీ ఇంట్లో కూలర్ విప్పుతున్నట్టు, అమ్మ నన్ను చూసి ఒక్క మాట కూడా అననట్టు ఊహించుకున్నాను. అమ్మ అననట్టు ఊహించుకున్నప్పుడే చెమట ఎక్కువ పట్టింది.

దుకాణంలో సేఠ్ ఒక్కడే ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, అటూ ఇటూ చూసి, గల్లా వెనకున్న చిన్న గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. అయిపోయాను అనుకున్నాను. కొట్టడానికే తలుపు వేస్తారు.

“రాజూ,” అన్నాడు గొంతు తగ్గించి, “పొద్దటి నుంచి... కాదు, గంట నుంచి అందరు ఫోన్లు చేస్తుండ్రు. సేఠ్, మస్తు రాసినవ్, మస్తు రాసినవ్ అని. నేనేం రాసిన్రా?”

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. సంఘం నంబరు నుంచి, సేఠ్ ఫొటో కింద, మెసేజ్ వెళ్లింది. కనుక పేటంతా రాసింది సేఠే అనుకుంటోంది. సేఠ్ మీద నేను రాసిన వెక్కిరింత సేఠ్ ఖాతాలో పడింది.

“మీరు... చదవలేదా సేఠ్?”

సేఠ్ తలుపు వైపు ఇంకోసారి చూశాడు. “నీకొక్కనికే చెప్తున్న. బయట చెప్పకు. నేను ఉర్దూ మీడియం సదివిన. తెలుగు మాట్లాడుతగని, తెలుగు అక్షరం రాదు. అధ్యక్షుడు గదా, గిప్పుడు చెప్పుకుంటే సిగ్గు. నువ్వు సదువు, వింట.” తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

ఎదురుగా నా వ్యాసం. నా ఫోన్‌లోంచి పోయింది ఆయన ఫోన్‌లో నిక్షేపంగా ఉంది. మొదటి వాక్యం: ‘మా పేటలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏ జెండా నీడ చల్లగా ఉంటే ఆ జెండా కింద నిలబడటం ఆయన సిద్ధాంతం.’

గొంతు సవరించుకున్నాను. మనిషికి ఆపదలో ఎక్కడెక్కడి మాటలో గుర్తొస్తాయి. నాకు చెత్తబండి మైకు గుర్తొచ్చింది.

“వర్తక సోదరులారా,” అని చదివాను, “తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా వేయండి. మన మార్కెట్‌ను మనమే శుభ్రంగా ఉంచుకుందాం. ఇట్లు మీ విఠల్.”

“అంతేనా?”

“అంతే సేఠ్.”

“గింత పొడుగున్నది గదరా?”

“తెలుగుల కొంచెం జాగ ఎక్కువ పడుతది సేఠ్.”

ఆయన తృప్తిగా తలూపాడు. కాని వెంటనే కనుబొమలు దగ్గరికొచ్చాయి. “చెత్త గురించి చెప్తే అందరు గంతగనం నవ్వుడేంది?”

“మీరు చెప్పే తీరు గట్లుంటది సేఠ్. చెత్త గూడ ముద్దొస్తది.”

ఇంత నీచంగా నేను అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు. సేఠ్ మాత్రం మురిసిపోయాడు. “అయితే రేపు మీటింగ్‌ల అందరి ముంగట నువ్వే సదువు. యాదగిరి గూడ మీటింగ్‌ల సదవాలె అంటుండు.”

యాదగిరి సంఘం కార్యదర్శి. ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. కొత్త ఫోన్ ఏది వచ్చినా మార్కెట్‌లో ముందు ఆయన జేబులోనే ఉంటుంది. తెలుగు బ్రహ్మాండంగా చదువుతాడు. ఆ ఆఖరి విషయమే నన్ను ఆ రాత్రంతా పొర్లించింది.

తెల్లవారి ఆదివారం. నాకు జ్వరం వచ్చింది. అంటే, రావాలని చాలా ప్రయత్నించాను. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, “సల్లగ ఐసులెక్క ఉన్నవ్ గదరా” అని తేల్చేసింది. కడుపునొప్పి అన్నాను. వాము నీళ్లు తెచ్చింది. తాగాక నిజంగానే కడుపులో తిప్పింది, కాని అప్పటికే బాపు స్కూటర్ తీసి గేటు దగ్గర నిలబడ్డాడు.

“నడువ్. సేఠ్ నిన్ను తీస్కరమ్మన్నడు.”

దారిలో బాపు ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా ఆయన ప్రతి గుంతకూ ఒక నాయకుణ్ని తిడతాడు. ఆ రోజు అన్ని గుంతల్లోనూ మౌనంగా పడ్డాం, లేచాం. నాకు తెలిసిపోయింది, బాపు వ్యాసం చదివాడు. సేఠ్ గురించని కనిపెట్టాడు. ఉద్యోగం పోతుందని భయపడుతున్నాడు. వెనక కూర్చుని ఆయన మెడ మీద నెరిసిన వెంట్రుకలు చూస్తుంటే, స్కూటర్ మీంచి దూకేద్దామా అనిపించింది. కాని స్పీడ్ మరీ తక్కువగా ఉంది. దూకినా పెద్దగా దెబ్బ తగలదు.

సంఘం హాలు ఒక దుకాణం పైన, మొదటి అంతస్తులో. ఇనుప మెట్లు. పైన నలభై కుర్చీలు, రెండు ఫ్యాన్లు, సమోసాల వాసన. సేఠ్ వేదిక మీద కూర్చున్నాడు. తెల్ల లాల్చీ. నన్ను చూసి కన్ను గీటాడు. మాకిద్దరికే తెలిసిన రహస్యం అని ఆయన ఉద్దేశం. పాపం, మా మధ్య ఉన్న రహస్యాలు ఒకటి కాదు. ఆయనకు తెలిసినది ఒకటి, నాకు తెలిసినవి రెండు.

యాదగిరి మైకు పట్టుకున్నాడు. “మన అధ్యక్షులు గింత మంచి రచయిత అని ఇన్నేండ్లు మనకు ఎర్కలేదు. రాసినాయన నోటితోనే వింటె మజా. సేఠ్ గారే సదవాలె!”

చప్పట్లు. సేఠ్ ముఖంలో రంగు మారింది. జేబులు తడుముకున్నాడు. “కండ్లద్దాలు మర్శిపోయిన. రాజు సదువుతడు.”

మైకు నా చేతికొచ్చింది. ఆ మైకు బరువు ఇప్పటికీ చేతిలో ఉంది. “వర్తక సోదరులారా,” అని మొదలుపెట్టాను, “తడి చెత్త వేరుగా...”

“ఏయ్, గిది గాదు!” అని వెనక నుంచి ఎవరో.

“అసలుది సదువు భాయ్!”

“గీ చెత్త ఏంది నడిమిట్ల?”

“చె... చెత్త గూడ ముఖ్యమే గదా,” అన్నాను. నాలుగో వరసలో బాపు తల దించుకుని కూర్చున్నాడు.

“పిలగాడు సిగ్గు పడుతుండు,” అన్నాడు యాదగిరి. “ఏం ఫికర్ లేదు. నా కొత్త ఫోన్ అదే సదువుతది, సూడుండ్రి!” అని ఫోన్ మైకు దగ్గర పెట్టి నొక్కాడు.

ఒక ఆడగొంతు, రైల్వే స్టేషన్‌లో ఆలస్యానికి చింతిస్తున్నాం అని చెప్పేలాంటి గొంతు, ఏ భావమూ లేకుండా, నా వ్యాసం చదవడం మొదలుపెట్టింది.

“మా పేటలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏ జెండా నీడ చల్లగా ఉంటే ఆ జెండా కింద నిలబడటం ఆయన సిద్ధాంతం. కన్నీళ్లతో నవ్వుతున్న ముఖం. కన్నీళ్లతో నవ్వుతున్న ముఖం.”

నేను పెట్టిన బొమ్మలను కూడా చదువుతోంది! నేను కళ్లు మూసుకున్నాను. చెవులకు మూతలుండవని దేవుడి మీద మొదటిసారి కోపం వచ్చింది.

“పొద్దున లేస్తే సూక్తి పంపుతాడు. పంపిన సూక్తిని తాను చదవడు, ఎందుకంటే అది పంపడానికి, చదవడానికి కాదు. ఇంట్లో కూర్చుని సంపాదించే పద్ధతి ఊరందరికీ చెబుతాడు. ఇప్పటికైతే ఆయన కూర్చోవడం వరకు వచ్చాడు. సంపాదన ఇంకా దారిలో ఉంది. నాలుక బయటపెట్టిన ముఖం.”

హాలు దద్దరిల్లింది. ఒక కన్ను తెరిచి సేఠ్ వైపు చూశాను. సేఠ్ నవ్వుతున్నాడు. నిన్నటి చెత్త సంగతే మరిచిపోయి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ యాదగిరి వైపు చూసి, పక్కాయనకు సైగ చేస్తున్నాడు. యాదగిరి నవ్వుతూ మిఠాయి దుకాణం ఆయనను చూస్తున్నాడు. మిఠాయి దుకాణం ఆయన ఉల్లిగడ్డల ఆయన డొక్కలో మోచేత్తో పొడిచి, “నిన్నేరా!” అంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ మాత్రం ప్రతివాడూ పక్కవాడి భుజం తడిమి, గుమ్మడి బూజు దొరికిందని సంబరపడుతున్నాడు.

వ్యాసం అయిపోయింది. యాదగిరి దండ తెప్పించాడు. విఠల్ సేఠ్ మెడలో వేశారు. సేఠ్ కళ్లు తుడుచుకుని మైకు అందుకున్నాడు. “మన సంఘంల గిసొంటోళ్లు శానామంది ఉన్నరు. పేర్లు చెప్ప. ఎవరికి వారు సమజ్ చేసుకోవాలె.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేను గోడకు ఆనుకుని, బతికినందుకు సమోసా తిన్నాను. ఉప్పు ఎక్కువైందో, కన్నీళ్లు పడ్డాయో తెలియదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను మీకు చెప్పేవాణ్ని కాదు.

జనం పలచబడ్డాక నేనూ బాపూ మెట్లు దిగాం. స్కూటర్ దగ్గర బాపు తాళంచెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. స్టార్ట్ చేయలేదు.

“రాజూ, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు.”

“అడుగు బాపూ.”

“గది రాసింది నువ్వే. నీ తెలుగు నాకు తెల్వదా? చిన్నప్పటి నుంచి సూస్తున్న.” ఆయన తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పాడు. “గది నా గురించేనా?”

నలభై మంది నవ్వుతూ పక్కవాణ్ని చూసిన హాలులో ఒక్క మనిషి మాత్రం తనను చూసుకున్నాడు. నేను గురి పెట్టనివాడు.

“పొద్దుగాల ఆ బొమ్మలు నీకు పంపుత గదా, నీలం గీతలు వడుతయి గని నువ్వు జవాబియ్యవ్. గ యాప్ల రోజు కూసోని వీడియోలు సూస్త. నువ్వు ఆన్‌లైన్ల సంపాదన, ఆన్‌లైన్ల సంపాదన అంటుంటివి. పిల్లగాడు కష్టపడుతుండు, నేను గూడ జర నేర్సుకుంట అనుకున్న.” ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. “రాసుడు మంచిగనే రాసినవ్. నవ్వొచ్చింది. గని గంతమంది ముంగట...”

అప్పుడు నాలో ఏదో కట్ట తెగింది. ఒక రోజంతా దాచిన నిజం, భయం, సిగ్గు, అన్నీ ఒక్కసారే గొంతులోకి వచ్చాయి.

“కాదు బాపూ! నీ గురించి కాదు! అమ్మతోడు! అది విఠల్ సేఠ్ గురించి రాసిన! మొత్తం, మొదటి నుంచి ఆఖరు దాకా, సేఠ్ గురించే!”

మార్కెట్ గల్లీ ఆదివారం కనుక నిశ్శబ్దంగా ఉంది. నా కేక ఎదురు షట్టర్‌కు తగిలి నాకే వినిపించింది. ‘సేఠ్ గురించే.’ బాపు నా భుజం మీదుగా పైకి చూస్తున్నాడు. ఆయన ముఖం చూసి, నేను తిరగకుండానే తెలుసుకున్నాను.

అయినా తిరిగాను. ఇనుప మెట్ల మీద, మధ్యలో, మెడలో దండతో విఠల్ సేఠ్.

బాపు రెండు చేతులూ జోడించాడు. “తప్పయింది సేఠ్. పిల్లగాడు. తెల్వక...”

“నువ్వెందుకు దండం పెడుతవ్ రామయ్యా?” సేఠ్ మెల్లగా దిగి వచ్చి ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. దండ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు. “నా మీద నీకు గంత కోపమేందిరా రాజూ?”

“కోపం లేదు సేఠ్.”

“మల్ల?”

మల్ల? ఆ ప్రశ్నకు జవాబు నా బ్లాగు అంతా వెతికినా దొరకదు. “నవ్వొస్తదని రాసిన,” అన్నాను.

“వచ్చింది. అందరికంటె నాకే ఎక్కువ వచ్చింది.” సేఠ్ దండలో ఒక బంతిపువ్వు తెంపాడు. “చెత్త గురించి అని చెప్తివి గదరా నాకు. గది గూడ నమ్మిన. నమ్మి, కోడలికి గూడ చెప్పిన, చెత్త గురించి మస్తు రాసిన అని.”

తిట్టి ఉంటే బాగుండేది. తిడతాడని ఇరవై నాలుగు గంటలు సిద్ధపడ్డాను, దీనికి సిద్ధపడలేదు. “బాపును పనిలకెళ్లి తీసెయ్యకుండ్రి సేఠ్,” అన్నాను. “తప్పు నాది.”

“రామయ్యను తీసేస్తే గోదాం ఎవరు సూస్తరు? నీ బ్లాగా?” అని లేచాడు. దుమ్ము దులుపుకున్నాడు. “తప్పు నీది గదా. శిక్ష గూడ నీకే. రేపటి సంది పొద్దుగాల దుకాణం తెర్వంగనే రా. నాకు తెలుగు అక్షరాలు నేర్పు. ఎవ్వరికి చెప్పకు. నా మీద రాసింది నేను సదువుకోకపోతె, గిది నాకెట్ల అర్థమైతది, నా ఇజ్జత్ ఎంత పోయిందో?”

అలా నేను మాస్టరునయ్యాను. ఒక పెద్ద పళ్లెంలో కందిపప్పు పోసి, అందులో వేలితో అ, ఆ దిద్దేవాడు సేఠ్. ఎవరైనా గిరాకీ వస్తే ఇద్దరం గబగబా పళ్లెం కుదిపి, పప్పు నాణ్యత చూస్తున్నట్టు మొహాలు పెట్టేవాళ్లం. పాఠ్యపుస్తకం ఏదని మీరడగొచ్చు. నా వ్యాసమే. ఇంకోటి తెస్తానంటే ఒప్పుకోలేదు.

మిత్రులారా, మీరు ఎవరినైనా వెక్కిరిస్తూ రాశారా? ఆ రాతను ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ఒక్కో అక్షరం వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంటే వినండి. ‘ఏ... జెం... డా... నీ... డ...’ అని చదివి, తల ఎత్తి, “నిజమేరా. మార్కెట్‌కు నల్లా నీళ్లు రావాలంటే ఏ జెండా అయితేంది? నాకు నీళ్లు కావాలె,” అనేవాడు. నేను ‘అవును సేఠ్’ అనేవాణ్ని. మర్నాడు ఇంకో వాక్యం. ఇంకో ‘అవును సేఠ్’. మూడో వారానికి ఆ వ్యాసంలో నవ్వొచ్చే ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. బాపు గోదాం గుమ్మంలో నిలబడి వినేవాడు. పొద్దున్నే ఆయన పంపే సూర్యోదయానికి నేను జవాబివ్వడం మొదలుపెట్టాను. మొదట్లో జవాబు చూసి, ఫోన్ పాడైందేమోనని ఇర్ఫాన్ దగ్గరికి తీసుకెళ్లాడట.

ఒకరోజు సేఠ్ ఆఖరి పేరాకు వచ్చాడు. కళ్లద్దాలు సరిచేసుకుని చదివాడు. ఆగాడు. మళ్లీ చదివాడు. పళ్లెంలో ఏదో దిద్దాడు. చెరిపాడు.

“రాజూ, గీ మాట ఏంది?”

చూశాను. ‘ఇలాంటి పెద్దమనుషులకు ముందు కావాల్సింది అక్షరాశ్యత’ అని ఉంది. నా వాక్యమే. రాసిన రోజు చాలా గర్వపడిన వాక్యం.

“అక్షరాస్యత సేఠ్. అంటే చదవడం, రాయడం రావడం.”

“గది కాదు అడిగేది. నిన్న నువ్వే గదా ఈ మాట పప్పుల రాపిస్తివి? స కింద య ఒత్తు అని చెప్తివి. ఈడ శ ఎందుకున్నది?”

నేను వంగి చూశాను. ఇంకా వంగి చూశాను. ఎంత వంగినా అది శ గానే ఉంది. అక్షరాలు రానివాణ్ని వెక్కిరించడానికి, ‘అక్షరాస్యత’ అనే మాటనే తప్పు రాశాను. నలభై మంది వర్తకులు, మా బాపు, యాదగిరి కొత్త ఫోన్, ఒక్కరూ పట్టుకోలేదు. అక్షరాలు నేర్చుకుని నెల తిరగని మనిషి పట్టుకున్నాడు.

“తప్పే సేఠ్,” అన్నాను. “ఇప్పుడేం చెయ్యమంటరు?”

“నువ్వేం చెయ్యకు.” సేఠ్ ఫోన్ తీశాడు. నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చాలాసేపు నొక్కాడు. తరవాత నా ఫోన్‌లో సంఘం గ్రూపు మోగింది. విఠల్ సేఠ్ తన జీవితంలో సొంత వేలితో పంపిన మొట్టమొదటి తెలుగు మెసేజ్, ముందు తప్పు దిద్దేటప్పుడు పెట్టే చిన్న నక్షత్రం గుర్తుతో, ఇలా ఉంది:

*అక్షరాస్యత

ఐదు నిమిషాల్లో గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలు. ‘రాసిన నెల తరవాత కూడా తన తప్పు తాను దిద్దుకున్న మహానుభావుడు’ అని యాదగిరి పెట్టాడు. సాయంత్రానికి ఇంకో దండ వచ్చింది.

కాబట్టి, సమోసాల సాక్షిగా, కందిపప్పు సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పెద్దమనిషి అజ్ఞానం మీదా నిఘంటువు తెరవకుండా కలం ఎత్తను. ఎత్తినా, రాసింది బ్లాగులో వేసేముందు సేఠ్‌కు చూపిస్తాను. మీరిప్పుడు చదివిన ఈ వ్యాసంలో తప్పులు కూడా ఆయనే దిద్దాడు. ఏడు దొరికాయి.